ఉప్పు చూసే మనిషి

"నాకు బీపీ తెప్పించకండి" అనే మాట మా ఇంట్లో నా సొత్తు. వంటమనిషి పోతురాజు పొయ్యి వెలిగించడం ఆలస్యం చేసినా, మా ఆయన కొండలరావు మార్కెట్టుకెళ్ళి ముదురు వంకాయలు తెచ్చినా అదే అనేదాన్ని. బందరులో ఇరవై ఏళ్ళకు పైగా పెళ్ళి వంటలు చేయిస్తున్నాను. గిలకలదిండిలో చేపల గంప మోసిన ఇంట్లో పుట్టి, వెయ్యి మందికి విస్తళ్ళు వేయించే దాకా వచ్చాను. ఈ ప్రయాణంలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. అది నిజంగానే వచ్చి నా ఒంట్లో కాపురం పెట్టిందని మాత్రం మొన్న వేసవిలో తెలిసింది, వైశాఖ ముహూర్తాలు ఇంకో వారంలో మొదలవుతాయనగా.

అది కూడా నా కోసం వెళ్తే తెలియలేదు. మా ఆయన బూరెల మూకుడు దించబోయి ముంజేయి కాల్చుకున్నాడు. డాక్టర్ నాగభూషణరావుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన లోపల ఎవరినో చూస్తున్నారు. నర్సమ్మ మా ఆయన చేతికి మందు రాసి, కట్టు కట్టి, నా వైపు తిరిగింది.

"మీరూ ఇలా కూర్చోండమ్మా. బీపీ చూస్తాను."

"నాకేం తెగులు? కాలింది ఆయనకి."

"ఊరికేనండి. యాభై దగ్గర పడుతున్నవాళ్ళందరికీ చూడమన్నారు డాక్టరుగారు."

నా వయసు అంత కచ్చితంగా ఎలా పోల్చిందా అని ఒళ్ళు మండింది. ఆ మంటతోనే చెయ్యి చాచాను. పట్టీ చుట్టింది, గాలి కొట్టింది, మొహం చిట్లించింది. విప్పి మళ్ళీ చుట్టింది. తర్వాత రెండో చేతికి చుట్టింది. లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి డాక్టరుగారే బయటికొచ్చారు. మా ఆయన లేచి కట్టున్న చెయ్యి ముందుకు పెట్టాడు.

"నువ్వు కూర్చో కొండలరావూ, నీది మానిపోతుంది" అని ఆయన నా ఎదురుగా కుర్చీ లాక్కున్నారు. "దుర్గమ్మా, తలనొప్పి వస్తోందా?"

"లేదండి."

"కళ్ళు తిరగడం, గుండెదడ?"

"లేదండి. ఇప్పుడు మీరు ఇలా అడుగుతుంటే వస్తున్నాయి."

ఆయన నవ్వారు. కాసేపు ఆ కబురూ ఈ కబురూ చెప్పి, నన్ను కదలకుండా కూర్చోబెట్టి తన చేత్తో మళ్ళీ చూశారు. నూట ఎనభై, నూట పది.

"ఏ బాధా లేకపోవడమే దీనితో చిక్కు. తలుపు కొట్టకుండా వచ్చి, నట్టింట్లో కూర్చునే రకం ఇది. కోపం వచ్చినప్పుడే ఉంటుందనుకుంటారు అందరూ. నువ్వు నిద్రపోతున్నప్పుడు కూడా ఇది మేలుకునే ఉంటుంది." ఈసీజీ తీయించారు, రక్తపరీక్షలకు రాశారు, రోజూ పొద్దున్న వేసుకోమని మాత్ర రాశారు. తర్వాత అడిగారు, "ఉప్పు బాగా తింటావా?"

"నేను తినేదేముందండీ! ఫంక్షన్ రోజున అన్నం తినడానికే తీరదు. ఊరికే రుచి చూడటమే."

"ఏమేం రుచి చూస్తావు?"

చెప్పుకుంటూ పోయాను. పప్పు, దప్పళం, రెండు కూరలు, పులిహోర, వేపుడు, పచ్చడి, చేపల పులుసు. ఒక్కొక్కటి పొయ్యి మీద ఉండగా ఓసారి, దించేముందు ఓసారి, అనుమానం వస్తే మరోసారి. అరచేతిలో పోసుకుని నాకడమే కదా. చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. ఆయన కలం మూత పెట్టి నా మొహం వైపు చూస్తూ కూర్చున్నారు. మా ఆయన మాత్రం, "అంటే డాక్టరుగారూ, ఈవిడ ఊరందరి ఉప్పూ తిందన్నమాట" అన్నాడు. నవ్వు రాలేదు నాకు.

ఇంటికొచ్చేసరికి కబురు నాకంటే ముందే వచ్చింది. మా ఆయన దారిలోనే కోడలికి ఫోన్ చేశాడు.

మా కోడలు వీరలక్ష్మిది కృత్తివెన్ను. వాళ్ళ నాన్నకి చేపల చెరువులున్నాయి. మా అబ్బాయి పోర్టు పనుల్లో ఉంటాడు, పొద్దున పోతే మళ్ళీ చీకటికే. పెళ్ళయి ఏడాది కావస్తున్నా ఆ పిల్లని నేను గాడిపొయ్యి దగ్గరికి రానివ్వలేదు. చెడ్డతనంతో కాదు. ఇల్లు చూసుకుంటుంది, వచ్చిన ఫోన్లకు జవాబు చెబుతుంది, అది చాలనుకున్నాను. వంట దగ్గర నా మాటే మాట. మా వంటల్లో ఎంతమంది చేతులున్నా ఉప్పు చూసే మనిషి ఒక్కరే ఉండాలి. ఇద్దరు చూస్తే రెండుసార్లు పడుతుంది. ఈ సూత్రం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను, దాన్ని ఎవరి కోసమూ సడలించలేదు.

వీరలక్ష్మి ఆ సాయంత్రమే ఆవకాయ జాడీని అటక మీదికి చేర్చింది. ఎండుచేపల డబ్బా పక్కింటికి వెళ్ళిపోయింది. మర్నాడు బీపీ మిషను తెప్పించింది.

"పొద్దున్నే కాఫీకి ముందు చూడాలట అత్తయ్యా. కాళ్ళు కింద ఆనించి, వీపు కుర్చీకి చేరవేసి కూర్చోండి. మాట్లాడకూడదు."

"మాట్లాడకుండా నేనా?"

"కాసేపేనండీ."

ఆ కాసేపు మా ఆయనకి పండగ. నేను నోరు తెరవలేనని తెలిసి, పెట్రోలు మర్చిపోయానని, పాలవాడు రాలేదని, అన్నీ అప్పుడే చెప్పేవాడు. వీరలక్ష్మి కళ్ళెర్రజేసేది, "మావయ్యా, అంకె పెరుగుతుంది!"

పొద్దున్నే నడవమన్నారని గిలకలదిండి రేవు దాకా నడిచేదాన్ని. వేట నిషేధం రోజులు. పడవలన్నీ కట్టేసి ఉండేవి. మగవాళ్ళు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటూ, "ఏంటి దుర్గక్కా, చేతులూపుకుంటూ వచ్చావు, చేపలు కూడా లేవు కదా!" అనేవాళ్ళు. మొదట్లో సిగ్గేసింది. తర్వాత ఆ గాలి అలవాటైంది. పనేమీ లేకుండా సముద్రం వైపు చూడటం చిన్నప్పటి నుంచీ నేనెరగను.

ఇంట్లో కూరలు మాత్రం మొదటి వారం గడ్డి తిన్నట్టే ఉండేవి. వీరలక్ష్మి నిమ్మకాయ పిండేది, మిరియం దంచి వేసేది, కొత్తిమీర చల్లేది. ఏం చేసినా ఉప్పు ఉప్పే కదా. విసుక్కుంటూ తిన్నాను. రెండో వారం విసుగు తగ్గింది. మూడో వారానికి దొండకాయ వేపుడులో దొండకాయ రుచి తెలిసింది. ఎంత బాగుందో! మిషను అంకె కూడా మెల్లగా దిగుతోంది. ఇంకేం, గట్టెక్కానని సంబరపడ్డాను.

ఆ సంబరంలోనే చల్లపల్లి వెళ్ళాం.

నిశ్చితార్థం భోజనాలు. శాకాహారం. పెద్ద కష్టమైన పనేం కాదు. కానీ ముహూర్తాల సీజనంటే ఏదీ ఒక్కటిగా రాదు. ఆ రోజే గుడివాడలో ఇంకో ఫంక్షన్ ఒప్పుకున్నాం. వడ్డించేవాళ్ళలో సగం మంది అక్కడికెళ్ళి చిక్కుకున్నారు. పెరుగు వ్యాను దారిలో ఆగిపోయింది. ఫోను చెవి నుంచి దించలేదు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో గరిటె, అలాగే ఒక్కో గుండిగ దగ్గరా రుచి చూసుకుంటూ వచ్చాను. నాకు అన్నీ అమోఘంగా ఉన్నాయి. మనుషులు తక్కువై వీరలక్ష్మిని కూడా తీసుకెళ్ళాను. అరిటాకులు తుడుస్తున్న పిల్ల లేచి వచ్చి, పులిహోర చిటికెడు నోట్లో వేసుకుని నా పక్కన నిలబడింది.

"అత్తయ్యా, ఉప్పు కొంచెం తక్కువైనట్టుందండీ."

ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "నిన్నగాక మొన్న వచ్చావు, నాకు చెబుతున్నావా? ఆకులు చూడు" అన్నాను. పోతురాజు విన్నాడు. తలొంచుకుని మంట సరిచేశాడు. ఆ పిల్ల ఆకుల దగ్గరికి వెళ్ళిపోయింది.

మా విస్తళ్ళలో విడిగా ఉప్పు వేయడం నేనెప్పుడో మాన్పించాను. దుర్గాదేవి వంటకి మళ్ళీ ఉప్పేమిటనే గీర. ఆ రోజు మొదటి బంతి కూర్చుంది. నేను పందిరి చివర నిలబడి చూస్తున్నాను, అది నాకిష్టమైన సమయం. ఎవరో పెద్దాయన చెయ్యెత్తి, "బాబూ, కాస్త ఉప్పు" అన్నాడు. ఆయన పక్కావిడ "ఇటు కూడా" అంది. తర్వాత ఎదురు వరసలోంచి. ఉప్పు, ఉప్పు అన్న పిలుపు ఆ చివర నుంచి ఈ చివర దాకా పాకింది. వడ్డించేవాళ్ళ దగ్గర ఉప్పు గిన్నె లేదు. పోతురాజు పరిగెత్తి డబ్బానే తెచ్చాడు. స్టీలు డబ్బాలోంచి గళ్ళుప్పు చేత్తో తీసి ఆకుల్లో వేస్తుంటే, నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎవరూ తిట్టలేదు. పెళ్ళికూతురి తల్లి వెళ్ళేటప్పుడు, "వంట బాగుందండీ, కొంచెం చప్పగా ఉందంతే, అయినా ఈ రోజుల్లో అదే ఆరోగ్యం" అంది. తిట్టినా బాగుండేది.

వ్యానులో తిరిగి వస్తున్నాం. సగం దారి వచ్చాక మా ఆయన మెల్లగా, "పోనీలే, ఒక్కసారికి" అన్నాడు. "బీపీ తెప్పించకు" అన్నాను. అన్నాక నాకే ఏదోలా అనిపించింది.

మర్నాడు డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను.

"నా నాలుక చచ్చిపోయిందండీ. ఈ సీజను అయ్యేదాకా ఉప్పు తింటాను. నాలుక తెచ్చుకుంటాను. ఆషాఢంలో ఎలాగూ ముహూర్తాలుండవు, అప్పుడు మళ్ళీ మానేస్తాను."

"సీజను నీకు. నీ గుండెకి లేదు" అన్నారాయన. "నీ నాలుక చావలేదు దుర్గమ్మా. బాగుపడింది. ఉప్పు తగ్గిస్తే కొన్ని వారాలకి అందరికీ ఇంతే. కొంచెం ఉప్పే చాలనిపిస్తుంది. నువ్వు మారావు. బంతిలో కూర్చున్నవాళ్ళు మారలేదు."

"మరి నా పని ఎలాగండీ?"

"అది నేను చెప్పలేను. నీ బీపీ సంగతి చెప్పగలను. ఆ రుచి చూడటం మానమని ఆ రోజే చెబుదామనుకున్నాను. చెప్పినా వినవని ఊరుకున్నాను."

ఆ వారమంతా నాలుక కోసం వెతుకులాటే. మా ఆయనకి పెట్టి చూశాను. ఆయనకి ఏది పెట్టినా "బ్రహ్మాండం" అంటాడు. ఉప్పు వెయ్యకుండా పెట్టినా అదే మాట. పాతికేళ్ళ కాపురం ఆ మనిషి నోట్లో వేరే మాట మిగల్చలేదు. పోతురాజు నోట్లో ఎప్పుడూ పొగాకు ఉంటుంది. వాడికి కారం ఒక్కటే తెలుస్తుంది, అదీ కళ్ళలో నీళ్ళొస్తేనే. వీరలక్ష్మి పేరు మనసులోకి రాకపోలేదు. వచ్చింది. వచ్చిన ప్రతిసారీ చల్లపల్లిలో నేనన్న మాట కూడా వెంట వచ్చేది. అందుకని ఆ పేరును అక్కడే ఆపేసేదాన్ని.

అప్పుడొచ్చారు శోభనాద్రిగారు.

ఆయనది పెదపారుపూడి. పెద్ద రైతు. మనవరాలు పూర్ణిమ పెళ్ళి మర్నాటి విందు మాకే ఇచ్చారు. ఆ సీజను మొత్తానికి పెద్ద పని అది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వస్తాయి. పండుగప్ప చేపల పులుసు నా చేతిదే కావాలని, దాని కోసమే మా దగ్గరికి వచ్చారు మొదట్లో. ఈసారి ఫోను చేయకుండా కారు దిగేసరికి సంగతి అర్థమైంది. వాకిట్లో కుర్చీ వేశాను. వీరలక్ష్మి మజ్జిగ తెచ్చింది.

"ఉప్పు వేశావా తల్లీ?" అన్నారాయన గ్లాసు అందుకుంటూ.

"లేదండీ. వెయ్యమంటారా?"

"వద్దు వద్దు. నాకు నిషిద్ధం." తాగి, మూతి తుడుచుకుని, ఆయన నా వైపు తిరిగారు. "అమ్మాయ్, మొహమాటం లేకుండా అడుగుతాను. చల్లపల్లిలో మా వియ్యాలవారి బంధువులున్నారు. ఉప్పు డబ్బా బంతిలోకి వచ్చిందట కదా?"

"వచ్చిందండీ, బాబాయిగారూ."

"మావాళ్ళు వేరేవాళ్ళని చూద్దామంటున్నారు. ఇంకా టైముంది అంటున్నారు. నేనే, ముందు వెళ్ళి కనుక్కుంటానని వచ్చాను. ఏమైంది?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. కొత్త మనిషి చేశాడనొచ్చు, ఉప్పు కంపెనీ మారిందనొచ్చు. మా ఆయన గుమ్మంలో నిలబడి సరిగ్గా అదే చెప్పమని సైగ చేస్తున్నాడు.

"నాకు బీపీ వచ్చిందండీ. ఉప్పు మానేశాను. దాంతో నాలుక మారిపోయింది. నాకు సరిపోయింది అనిపించింది మీకు చప్పగా ఉంటుంది."

శోభనాద్రిగారు ముందుకు వంగారు. "ఎంతుంది?"

"మొదట నూట ఎనభై. ఇప్పుడు నూట యాభైకి దిగింది."

"నాది నూట అరవై దగ్గర దొరికింది, నాలుగేళ్ళ కింద. ట్రాక్టరు మీద నుంచి దిగబోతే కాళ్ళు తేలిపోయాయి. మాత్ర పొద్దున వేస్తున్నావా, రాత్రా?"

"పొద్దున్నండీ."

"మానకు. బాగుంది కదా అని నేను ఒకసారి మానేశాను, మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది." అలా ఆ సంగతే మాట్లాడుకుంటూ కూర్చున్నాం కాసేపు. కాళ్ళకి నీరొస్తుందా, నడుస్తున్నావా, ఊరగాయ చూస్తే ప్రాణం లాగుతుందా. ఒకే ఊరివాళ్ళం పరాయి దేశంలో కలుసుకున్నట్టుంది. గుమ్మంలో మా ఆయన సైగలు మానేసి తల పట్టుకున్నాడు.

లేవబోతూ ఆయన మళ్ళీ పనిలోకి వచ్చారు. "అంతా బాగానే ఉంది. మరి మా ఇంట్లో ఉప్పు ఎవరు చూస్తారు?"

"మా కోడలండీ" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. ఖాళీ గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాచిన వీరలక్ష్మి అలాగే ఆగిపోయింది. శోభనాద్రిగారు ఆ పిల్లని ఓసారి పైనుంచి కిందికి చూశారు.

"ఏమ్మా, పులుసు తింటావా ఇంటి దగ్గర?"

"మా నాన్నగారు చేపల రైతండీ" అంది వీరలక్ష్మి.

"అయితే సరే" అని కారెక్కారు.

కారు మలుపు తిరిగిందాకా చూసి, "నిజంగానేనా అత్తయ్యా?" అంది. "ఆయన ముందు అన్న మాట వెనక్కి తీసుకుంటానా? లోపలికి పద, చింతపండు నానబెట్టాలి" అన్నాను. ఆ రోజు నుంచి రోజూ ఇంట్లో ఒక గిన్నెడు పులుసు పెట్టించాను. చేప ముక్క వేశాక పులుసులో గరిటె పెట్టకూడదు, ముక్క విరిగిపోతుంది. అందుకని ఉప్పు తేల్చుకోవలసింది ముక్క పడకముందే. ముక్క పడ్డాక కొంచెం ఉప్పు లాక్కుంటుంది కాబట్టి, పులుసు నోట్లో పెట్టుకుంటే ఒక పిసరు ఎక్కువనిపించాలి. ఆ పిసరు ఎంతో నోటితో చెప్పడానికి రాదు. "ఇంత" అని చేత్తో చూపించేదాన్ని. ఆ పిల్ల తల ఊపేది. రెండుసార్లు ఉప్పు కషాయంలా వచ్చిందని మా ఆయన మొహం చూసి తెలుసుకున్నాం. నోరు మాత్రం బ్రహ్మాండమనే అంది.

విందు రోజున పండుగప్పలు కృత్తివెన్ను చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో వచ్చాయి. వీరలక్ష్మి వాళ్ళ నాన్నే దగ్గరుండి పట్టించాడు. పెదపారుపూడిలో కోసేసిన చేలో పందిరి వేశారు. పక్కనే కాలువ గట్టు, గట్టు మీద తుమ్మచెట్ల నీడ. ఆ నీడలో గాడిపొయ్యి తవ్వించాం. నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేసి, నా ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు మా ఆయన. "ఎవరు చేసినా నేనే మాట్లాడతాను. నువ్వు కూర్చో."

కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఉల్లిపాయ వేగుతున్న వాసనకి కాళ్ళు వాటంతటవే లేవబోయేవి. పోతురాజు అలవాటుగా గరిటె నా వైపు తెచ్చాడు. "అటు" అన్నాను. వాడు ఓ క్షణం అర్థంకానట్టు నిలబడి, గరిటె వీరలక్ష్మికి ఇచ్చాడు.

పులుసు తెర్లుతోంది. పసుపు రాసిన ముక్కలు పళ్ళేల్లో సిద్ధంగా ఉన్నాయి. వీరలక్ష్మి గరిటెతో తీసి, ఊది, అరచేతిలో పోసుకుని నోట్లో పెట్టుకుంది. మింగింది. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది.

"నా వైపు చూడకు, గుండిగ వైపు చూడు" అన్నాను.

మళ్ళీ రుచి చూసింది. గళ్ళుప్పు రెండు దోసిళ్ళు వేయించి, తిప్పించి, ఆగింది. మళ్ళీ చూసింది. ఇంకో దోసిలి.  అంత ఉప్పా! నాలుక చివరి దాకా వచ్చిన మాటను పళ్ళ మధ్య పట్టుకుని, కాలువలో నీళ్ళ వైపు చూశాను. బాతులు వరసగా పోతున్నాయి. ఆ సమయంలో మిషను పెట్టి ఉంటే అది పగిలిపోయేది. వెనకనుంచి వీరలక్ష్మి గొంతు వినబడింది, "చాలు పోతురాజు మావా. ముక్కలు వేసేయండి."

అయిపోయింది. ఇక ఎవరూ ఏమీ చేయలేరు. విచిత్రమేమిటంటే, ఆ మాట అనుకున్నాక నాకు ఒక్కసారిగా ఆవలింత వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలాను. కునుకు పట్టింది కూడానట. వెయ్యి మందికి వంట జరుగుతుంటే నేను నిద్రపోయానని మా ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతాడు.

లేచేసరికి రెండో బంతి లేచి మూడోది కూర్చుంటోంది. కంగారుగా పందిరి దగ్గరికి నడిచాను. ఎవరు చెయ్యెత్తుతారా అని వరసలన్నీ చూశాను. ఒకాయన ఎత్తాడు. నీళ్ళు అడిగాడు. ఒకావిడ ఎత్తింది. పిల్లవాడికి ముల్లు లేని ముక్క కావాలంది. శోభనాద్రిగారు నన్ను చూసి కేక వేశారు.

"ఏమ్మోయ్, ఇటు రా! మన బీపీవాళ్ళ వరస ఇది. కూర్చో."

"అయ్యో, వద్దండీ. నేను పని చేయించే మనిషిని."

"పని అయిపోయింది కదా. కూర్చో అమ్మా."

ఇన్నేళ్ళలో నేను వండించిన బంతిలో నేను కూర్చున్నది లేదు. అందరూ తిన్నాక అడుగున మిగిలింది నిలబడి తినడమే. ఆయన పక్కన, తెల్ల ప్లాస్టిక్ కుర్చీలో, ఆకు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పెళ్ళికొచ్చిన చుట్టంలా ఉంది. ఎవరో నీళ్ళు చల్లారు. ఎవరో అన్నం పెట్టారు. పులుసు బకెట్టు పట్టుకుని వీరలక్ష్మి స్వయంగా వచ్చింది. నా ఆకులో ఒక ముక్క వేసి, పులుసు పోయకుండా ఆగింది.

"కొంచెం పొయ్యి. ఈ ఒక్క పూటకే."

గరిటె చివరనుంచి నాలుగు చుక్కలు వదిలింది. అన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆ పిల్ల కదలకుండా నా నోటి వైపే చూస్తోంది.

"ఎలా ఉందత్తయ్యా?"

"నాకు ఉప్పెక్కువైంది" అన్నాను.

మొహం వాడిపోయింది ఒక్క క్షణం. నేను నవ్వుతుండటం చూసింది. అప్పుడు దానికీ నవ్వొచ్చింది, బకెట్టు ఒలికేటంత నవ్వు. నా అటుపక్కన కూర్చున్న పెద్దావిడ ఆకు ముందుకు జరిపి, "ఆ పులుసు ఇంకాస్త వెయ్యమ్మా, ఎవరు చేశారో గానీ" అంది. వీరలక్ష్మి ఆవిడకి వేసి, శోభనాద్రిగారిని చూసీ చూడనట్టు దాటిపోబోయింది.

"ఇదిగో అమ్మాయ్, నాకు?"

"మీకు పెరుగు వస్తుంది తాతగారూ" అని, నడుముకి కొంగు బిగించి పక్క వరసలోకి వెళ్ళిపోయింది.

ఆయన ఉసూరుమన్నారు. నేను పులుసు కలిపిన అన్నం ఓ పక్కకి జరిపి, చేప ముక్క వొలుచుకుని తింటూ, వడ్డనలో ఇంకేమేం వస్తాయా అని మిగతా అందరిలాగే తల తిప్పి చూడటం మొదలుపెట్టాను.